రెండో ఎక్స్ క్రోమోజోమ్ గుట్టు విప్పుతున్న ల్యాబ్: డీనా డూబల్ బృందంలో ఎవరెవరు? ఏం కనుక్కున్నారు?

ఏ వీధిలో చూసినా తాతలకంటే నానమ్మలు, అమ్మమ్మలే ఎక్కువ మంది కనిపిస్తారు. దాదా పోయి పదేళ్లయినా దాదీ ఇంకా ఇంటి లెక్కలన్నీ నోటితోనే చెప్తూ ఉంటుంది. ఇది మన దగ్గర మాత్రమే కాదు. దాదాపు ప్రపంచంలోని అన్ని దేశాల్లోనూ ఆడవాళ్ల సగటు ఆయుష్షు మగవాళ్లకంటే ఎక్కువే. కానీ దీనికి ఇంకో ముఖం కూడా ఉంది. అమెరికాలో అల్జీమర్స్ జబ్బు ఉన్నవాళ్లలో దాదాపు మూడింట రెండొంతుల మంది ఆడవాళ్లే. అయితే జబ్బు వచ్చాక త్వరగా చనిపోయేది మాత్రం ఎక్కువగా మగవాళ్లు. ఎక్కువ కాలం బతికేదీ ఆడవాళ్లే, ఎక్కువ మంది మతిమరుపు జబ్బు పడేదీ వాళ్లే, ఆ జబ్బును ఎక్కువ రోజులు తట్టుకునేదీ వాళ్లే. ఈ మూడూ ఒకేసారి ఎలా నిజమవుతాయి?

ఈ ప్రశ్నను పట్టుకుని ఏళ్లుగా పనిచేస్తున్న ల్యాబ్‌లలో ఒకటి అమెరికాలోని యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, శాన్ ఫ్రాన్సిస్కోలో ఉంది. అందరూ యూసీఎస్ఎఫ్ అని పిలుస్తారు. అక్కడి న్యూరాలజీ విభాగంలో ప్రొఫెసర్ అయిన డాక్టర్ డీనా డూబల్ దాన్ని నడుపుతున్నారు. ఆమె ఇటు రోగులకు వైద్యం చేసే న్యూరాలజిస్టు, అటు ల్యాబ్‌లో పరిశోధన చేసే శాస్త్రవేత్త.

ఇంత మామూలు ప్రశ్న ఇన్నాళ్లూ ఎవరూ ఎందుకు అడగలేదు అనిపించవచ్చు. దానికి కారణం ల్యాబ్‌లలోని ఎలుకలే. దశాబ్దాల పాటు మెదడు పరిశోధనల్లో మగ ఎలుకలనే ఎక్కువగా వాడారు. 2011లో వచ్చిన ఒక సమీక్ష లెక్క ప్రకారం, ఒకే లింగం జంతువులతో చేసిన న్యూరోసైన్స్ అధ్యయనాల్లో ఆడవాటితో చేసినది ఒకటి ఉంటే, మగవాటితో చేసినవి ఐదున్నర ఉన్నాయి. ఆడ ఎలుకల్లో హార్మోన్లు రోజుకోరకంగా మారతాయి కాబట్టి ఫలితాలు గజిబిజి అవుతాయని అప్పటి వాదన. తర్వాత లెక్కలు తీసి చూస్తే ఆడ ఎలుకల ఫలితాల్లో మగవాటికంటే ఎక్కువ గజిబిజేమీ లేదని తేలింది. మగ ఎలుకలూ వాటిలో అవి కొట్లాడుకుంటూ హార్మోన్లు పెంచుకుంటూనే ఉంటాయి కదా! చివరికి 2016లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు, అంటే ఎన్ఐహెచ్, తమ నిధులు కావాలంటే ఆడ, మగ తేడాను కూడా లెక్కలోకి తీసుకోవాలని నియమం పెట్టాయి. డూబల్ ఈ దారిలోకి వచ్చింది మాత్రం అంతకు చాలా ముందే.

కెంటకీలో మొదలైన ప్రయాణం

డూబల్ డాక్టరేట్ చేసింది యూనివర్సిటీ ఆఫ్ కెంటకీలో. గురువు ఫిల్లిస్ వైజ్. ఆడ హార్మోన్లు మెదడు మీద ఎలా పనిచేస్తాయో చదివిన శాస్త్రవేత్తల్లో వైజ్‌ది పెద్ద పేరు. తర్వాతి కాలంలో ఆమె ఇల్లినాయి యూనివర్సిటీకి చాన్స్‌లర్ కూడా అయ్యారు. 1998లో డూబల్, వైజ్ తదితరులు కలిసి ఒక పేపర్ రాశారు. ఈస్ట్రడయాల్ అనే ఈస్ట్రోజన్ ముందుగా ఇస్తే, పక్షవాతం లాంటి దెబ్బ తగిలినప్పుడు ఎలుక మెదడుకు జరిగే నష్టం తగ్గుతుందని అందులో చూపించారు. 2001లో ఇంకో అడుగు ముందుకేశారు. ఈ రక్షణ ఈస్ట్రోజన్ అందుకునే ఒక రకం గ్రాహకం ద్వారానే వస్తోందని, రెండో రకానికి ఇందులో పెద్దగా పాత్ర లేదని తేల్చారు.

ఆ రోజుల్లో ఈస్ట్రోజన్ అంటే ఎక్కడలేని ఆశ. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకు హార్మోన్ మాత్రలిస్తే మెదడు కూడా కాపాడబడుతుందని చాలామంది డాక్టర్లు నమ్మారు. 2003లో ఆ ఆశకు గట్టి దెబ్బ తగిలింది. అమెరికాలో 65 ఏళ్లు దాటిన 4,532 మంది ఆడవాళ్లతో చేసిన పెద్ద పరీక్షలో, ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ కలిపి వాడిన వాళ్లకు డిమెన్షియా ముప్పు తగ్గకపోగా రెట్టింపయింది. హార్మోన్ ఇచ్చిన వయసు ముఖ్యమా, ఇచ్చిన రకం ముఖ్యమా అనే గొడవ ఆ తర్వాత చాలా కాలం నడిచింది. ఒక్కటి మాత్రం తేటతెల్లమైంది. ఆడ, మగ మెదడు తేడా మొత్తాన్నీ హార్మోన్ ఖాతాలో వేసి చేతులు దులుపుకోవడం కుదరదు.

డూబల్ ఆ తర్వాత యూసీఎస్ఎఫ్‌లో న్యూరాలజీ శిక్షణ పూర్తి చేశారు. పక్కనే ఉన్న గ్లాడ్‌స్టోన్ ఇన్‌స్టిట్యూట్స్‌లో అల్జీమర్స్ పరిశోధనలో పేరున్న లెనార్ట్ మూకే దగ్గర పనిచేశారు. అల్జీమర్స్ లక్షణాలు వచ్చేలా జన్యువులు మార్చిన ఎలుకలతో ఎలా పనిచేయాలో ఆమె చేతికి వచ్చింది అక్కడే. తర్వాత సొంత ల్యాబ్ పెట్టినప్పుడు ఆ అనుభవమే పెట్టుబడి అయింది.

హార్మోనా, క్రోమోజోమా?

ఆడవాళ్ల ప్రతి కణంలో రెండు ఎక్స్ క్రోమోజోములుంటాయి. మగవాళ్లకు ఒక ఎక్స్, ఒక వై. స్కూల్లో అందరూ చదువుకున్నదే. చిక్కేమిటంటే, రెండు ఎక్స్‌లు ఉన్న చోట అండాశయాలూ ఉంటాయి, వై ఉన్న చోట వృషణాలూ ఉంటాయి. రెండూ జంటగానే వస్తాయి కాబట్టి తేడా దేనివల్ల వచ్చిందో విడదీసి చెప్పలేం. పాలు, నీళ్లు కలిసిపోయినట్టే.

దీన్ని విడదీసే ఉపాయం లండన్ శాస్త్రవేత్తల జన్యు పరిశోధన నుంచి వచ్చింది. లాస్ ఏంజెలెస్‌లోని ఆర్థర్ ఆర్నాల్డ్ దాన్ని మెదడు పరిశోధనలో బాగా వాడుకలోకి తెచ్చారు. మగబిడ్డకు వృషణాలు ఏర్పడేలా చేసే ఎస్ఆర్‌వై అనే జన్యువు మామూలుగా వై మీద ఉంటుంది. ఎలుకల్లో దాన్ని అక్కడి నుంచి తీసి వేరే మామూలు క్రోమోజోమ్ మీద పెట్టారు. దాంతో నాలుగు రకాల ఎలుకలు పుడతాయి: రెండు ఎక్స్‌లతో అండాశయాలు ఉన్నవి, రెండు ఎక్స్‌లతో వృషణాలు ఉన్నవి, ఎక్స్-వైతో అండాశయాలు ఉన్నవి, ఎక్స్-వైతో వృషణాలు ఉన్నవి. ఇక పోల్చి చూడడమే మిగిలింది.

డూబల్ ల్యాబ్‌లో ఈ ఎలుకలను ముసలివయసు దాకా పెంచి లెక్కలు తీసిన పనిలో ముందున్నది ఎమిలీ డేవిస్. గణాంకాల పని ఇరినా లోబాక్ చూశారు. ఎలుకలు సహజంగా చనిపోయే దాకా ఆగాల్సిన పని ఇది. రెండేళ్లు, రెండున్నరేళ్లు ఓపిగ్గా బోనుల వెంట తిరగాలి. 2018లో ఫలితం వచ్చింది. అండాశయాలున్నా, వృషణాలున్నా, రెండు ఎక్స్‌లున్న ఎలుకలు ముసలితనంలో ఎక్కువగా బతికి బట్టకట్టాయి. రెండు ఎక్స్‌లతో పాటు అండాశయాలు కూడా ఉన్నవాటికే అన్నిటికంటే ఎక్కువ ఆయుష్షు దక్కింది. అంటే హార్మోన్ పాత్ర పూర్తిగా కొట్టిపారేసేది కాదు. కానీ ఆయుష్షులో రెండో ఎక్స్‌కు తనదైన వాటా ఉంది.

2020లో అదే ఎమిలీ డేవిస్ మొదటి రచయితగా ఇంకో పెద్ద పేపర్ వచ్చింది. ఈసారి అల్జీమర్స్ తరహా జబ్బున్న ఎలుకలు. హార్మోన్ల ప్రభావం పడకుండా వాటి అండాశయాలు, వృషణాలు తీసేశారు. ఒక్క ఎక్స్ ఉన్నవి ఎక్కువగా చనిపోయాయి, దారి గుర్తుపెట్టుకునే పరీక్షల్లో వెనకబడ్డాయి. మగ ఎలుకకు ఇంకో ఎక్స్ చేరిస్తే తట్టుకునే శక్తి పెరిగింది. ఆడ ఎలుకకు ఒక ఎక్స్ తగ్గిస్తే ఆ శక్తి పోయింది. అటు నుంచీ ఇటు నుంచీ చూసినా జవాబు ఒక్కటే రావడం ఈ పనిలోని బలం.

నిద్రపోయే ఎక్స్, నిద్రపోని జన్యువులు

ఇక్కడొక అనుమానం రావాలి. రెండు ఎక్స్‌లున్నా ఒకటి నిద్రపోతుంది కదా? నిజమే. బ్రిటన్ శాస్త్రవేత్త మేరీ లయన్ 1961లోనే ఈ మాట చెప్పారు. ఆడ పిండం ఎదిగే తొలి దశలో ప్రతి కణం తన రెండు ఎక్స్‌లలో ఒకదాన్ని మూసేస్తుంది. ఒక కణంలో తండ్రి ఇచ్చిన ఎక్స్ మూతపడితే, పక్క కణంలో తల్లి ఇచ్చినది మూతపడవచ్చు. అందుకే ఆడవాళ్ల ఒళ్లంతా ఒక బొంతలాంటిది. ఒక ముక్క అమ్మ ఎక్స్‌తో, ఇంకో ముక్క నాన్న ఎక్స్‌తో నడుస్తుంది. నలుపు, నారింజ మచ్చలున్న పిల్లులు దాదాపు అన్నీ ఆడవే కావడానికి కారణం కూడా ఇదే.

అయితే మూసిన తలుపులోంచి కూడా కొన్ని జన్యువులు జారుకుంటాయి. అలా తప్పించుకునే వాటిలో కేడీఎం6ఏ ఒకటి. ఆడవాళ్లకు ఇది రెండు చోట్ల నుంచీ అందుతుంది కాబట్టి మోతాదు ఎక్కువ. ఇది దెబ్బతింటే పిల్లల్లో కబుకి సిండ్రోమ్ అనే జబ్బు వచ్చి బుద్ధి ఎదుగుదల కుంటుపడుతుందని ముందే తెలుసు. అంటే మెదడుకు కావాల్సిన జన్యువే. డూబల్ బృందం ఈ జన్యువు మోతాదును మగ ఎలుకల హిప్పోక్యాంపస్‌లో పెంచింది. హిప్పోక్యాంపస్ అంటే కొత్త జ్ఞాపకాలు తయారయ్యే చోటు. ఆ ఎలుకలు పరీక్షల్లో మెరుగుపడ్డాయి. మనుషుల సమాచారం చూస్తే, ఈ జన్యువు ఎక్కువగా పనిచేసేలా చేసే ఒక రకం ఉన్నవాళ్లలో వయసుతో పాటు తెలివితేటలు తగ్గడం నెమ్మదిగా జరిగినట్టు కనిపించింది.

సమీరా అబ్దులై-సైకు: అమ్మ ఎక్స్, నాన్న ఎక్స్

ఈ ల్యాబ్ నుంచి 2025 జనవరిలో ‘నేచర్’ పత్రికలో వచ్చిన పేపర్‌కు మొదటి రచయిత్రి సమీరా అబ్దులై-సైకు. ఆమె అంతకు ముందు సింగపూర్‌లో అజయ్ వ్యాస్‌తో పనిచేశారు. అక్కడి పరిశోధన వినడానికే వింతగా ఉంటుంది. టోక్సోప్లాస్మా అనే పరాన్నజీవి సోకిన ఎలుకలకు పిల్లి వాసనంటే భయం పోతుంది. ఆడ ఎలుకల్లో ఈ మార్పుకు అండాశయ హార్మోన్లతో పని లేదని ఆమె, వ్యాస్ చూపించారు. ఆడవాటిలో కనిపించే ప్రతిదానికీ హార్మోనే కారణం కాదన్న మాట అప్పటికే ఆమె చేతికి దొరికిందన్నమాట.

శాన్ ఫ్రాన్సిస్కోలో ఆమె వేసుకున్న ప్రశ్న వేరు. ఆడ మెదడులో అమ్మ ఎక్స్, నాన్న ఎక్స్ రెండూ ఉంటాయి సరే, రెండూ ఒకే రకంగా పనిచేస్తాయా? దీనికోసం కొన్ని ఆడ ఎలుకల్లో తల్లి నుంచి వచ్చిన ఎక్స్ మూతపడే వీలు లేకుండా చేశారు. దాంతో ప్రతి కణంలో అదే పనిచేస్తుంది, నాన్న ఎక్స్ ఎప్పుడూ మూతపడే ఉంటుంది. ఈ ఎలుకలు రెండు ఎక్స్‌ల బొంత ఉన్న అక్కాచెల్లెళ్లకంటే జ్ఞాపకశక్తిలో వెనకబడ్డాయి. వయసు పెరిగే కొద్దీ ఇంకా దిగజారాయి. డీఎన్ఏ మీద వయసు వేసే గుర్తులను కొలిస్తే వాటి హిప్పోక్యాంపస్ కూడా త్వరగా ముసలిదైపోయింది. అమ్మ ఎక్స్ మీద కొన్ని జన్యువులు మూగబోయి ఉన్నట్టు తేలింది. జన్యు సవరణ పద్ధతితో వాటిని తిరిగి మేల్కొలిపితే ముసలి ఆడ ఎలుకల జ్ఞాపకశక్తి మెరుగైంది.

ఈ వార్త బయటికి రాగానే కొందరు దీన్ని ‘మతిమరుపుకు తల్లే కారణం’ అన్నట్టు చదువుకునే ప్రమాదం ఉంది. పేపర్ చెప్పేది అది కాదు. తల్లి ఇచ్చిన ఎక్స్ చెడ్డదని ఇందులో ఎక్కడా లేదు. రెండు రకాల కణాలు కలిసి ఉండడం వల్ల మెదడుకు ఒక వెసులుబాటు ఉంటుంది, అది లేకపోతే ఇబ్బంది అని మాత్రమే ఉంది. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. మగవాళ్లందరికీ ఉన్న ఏకైక ఎక్స్ అమ్మ ఇచ్చినదే. తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది వై మాత్రమే. ఆడవాళ్లలో అందరికీ బొంత సగం సగంగా ఉండదు, కొందరిలో ఒకవైపు ఎక్కువ మొగ్గుతుంది. ఆ మొగ్గును బట్టి ముసలితనంలో మెదడు తీరు మారుతుందా అన్నది ఈ పేపర్ లేవనెత్తిన ప్రశ్న. మనుషుల్లో దానికి జవాబు రావాల్సి ఉంది.

మార్గరెట్ గాడెక్: ముసలితనంలో మేల్కొన్న జన్యువులు

అదే ఏడాది మార్చిలో ‘సైన్స్ అడ్వాన్సెస్’లో వచ్చిన పనికి ముందు నిలిచింది మార్గరెట్ గాడెక్. డాక్టర్ చదువు, పరిశోధన డాక్టరేట్ రెండూ కలిపి చేసే కోర్సులో విద్యార్థిని. ఎక్స్ మూతపడే విధానం మీద ఏళ్లుగా పనిచేసిన యూసీఎస్ఎఫ్ ప్రొఫెసర్ బార్బరా ప్యానింగ్ కూడా ఈ పనిలో ఉన్నారు.

వీళ్లు రెండు వేర్వేరు జాతుల ఎలుకలను కలిపి పిల్లల్ని పుట్టించారు. ఎందుకంటే అలా చేస్తే ఏ జన్యువు ఏ ఎక్స్ నుంచి పలుకుతోందో యాస పట్టినట్టు పట్టేయవచ్చు. ఆ పిల్లలు 20 నెలల వయసుకు వచ్చాక, అంటే మనిషి లెక్కలో సుమారు 65 ఏళ్లకు, వాటి హిప్పోక్యాంపస్ కణాలను ఒక్కొక్కటిగా చదివారు. నిద్రపోతుందనుకున్న ఎక్స్ మీద ముసలితనంలో దాదాపు 20 జన్యువులు మేల్కొని కనిపించాయి. వాటిలో పీఎల్‌పీ1 మీద వీళ్ల చూపు ఆగింది. నరాల తీగల చుట్టూ ఉండే మైలిన్ అనే పొర తయారీకి కావాల్సిన జన్యువు అది. కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగు ఎలాగో నరానికి మైలిన్ అలాగ. ముసలి ఆడ ఎలుకల్లో ఇది మగవాటికంటే ఎక్కువగా ఉంది. పెద్ద వయసు స్త్రీల మెదడు నమూనాల్లో కూడా అదే కనిపించింది. ఈ జన్యువును ముసలి ఎలుకల మెదడులోకి పంపితే ఆడవీ మగవీ రెండూ పరీక్షల్లో మెరుగయ్యాయి. ఈ ల్యాబ్ పనిలో మగవాళ్లకు కూడా ఆశ కనిపించేది ఇక్కడే. ఆడ శరీరం తనకు తానుగా చేసుకున్న ఏర్పాటును మందుగా మార్చగలిగితే అది అందరికీ పనికొస్తుంది.

2019లో అమెరికాలోని వాషింగ్టన్ యూనివర్సిటీ పరిశోధకులు 205 మంది మెదళ్లు చక్కెరను, ఆక్సిజన్‌ను వాడే తీరు కొలిచి, ఆడవాళ్ల మెదడు అదే వయసు మగవాళ్లకంటే సగటున 3.8 ఏళ్లు చిన్నదిగా కనిపిస్తుందని చెప్పారు. అది వేరే బృందం, వేరే దారి. అయినా రెండూ ఒకే దిక్కుకు చూపుతున్నాయి.

క్లోతో అనే రెండో దారి

డూబల్ పేరు బయట ఎక్కువగా వినిపించేది క్లోతో అనే ప్రొటీన్ వల్ల. దీన్ని 1997లో జపాన్ శాస్త్రవేత్త మకోటో కురో-ఓ బృందం కనిపెట్టింది. మనిషి ఆయుష్షు దారం వడికే గ్రీకు దేవత పేరు పెట్టారు. ఇది లేని ఎలుకలు చిన్న వయసులోనే ముసలివై చనిపోతాయి, ఎక్కువున్నవి ఎక్కువ కాలం బతుకుతాయి. 2014లో డూబల్, మూకే బృందం ఇది బుద్ధిని కూడా పెంచుతుందని ఎలుకల్లో చూపించింది. జన్యువులో ఒక రకం తేడా వల్ల క్లోతో కాస్త ఎక్కువగా ఉన్న మనుషులు కూడా తెలివితేటల పరీక్షల్లో ముందున్నారు. 2023లో యేల్ యూనివర్సిటీకి చెందిన స్టేసీ కాస్ట్‌నర్‌తో కలిసి ముసలి కోతులకు ఒకే ఒక్క తక్కువ మోతాదు ఇంజెక్షన్ ఇచ్చి చూశారు. కనీసం రెండు వారాల పాటు వాటి జ్ఞాపకశక్తి మెరుగ్గా ఉంది. ఈ పేరు చెప్పి ఆన్‌లైన్‌లో ‘క్లోతో పెంచే’ గోలీలు అమ్మేవాళ్లున్నారు. ల్యాబ్ వాడింది ఇంజెక్షన్‌గా ఇచ్చిన ప్రొటీన్ కాబట్టి, ఆ డబ్బాల మీద మాటలకూ ఈ పరిశోధనకూ ముడిపెట్టడం తప్పు.

మన దగ్గర పరిస్థితి

2023లో వచ్చిన జాతీయ స్థాయి అంచనా ప్రకారం మన దేశంలో 60 ఏళ్లు దాటిన వాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. మగవాళ్లకంటే ఆడవాళ్లలో, పట్నాలకంటే పల్లెల్లో ఎక్కువ. రెండో ఎక్స్ అంత కాపాడితే మన ఆడవాళ్లలో ఎందుకు ఎక్కువ? ఒక కారణం వయసే. ఎక్కువ కాలం బతికితే జబ్బు పట్టే అవకాశమూ ఎక్కువ. ఇంకోటి, చదువు. బడి మొహం చూడకపోవడం డిమెన్షియా ముప్పు పెంచే కారణాల్లో ఒకటి. ఇప్పుడు డెబ్బై దాటిన మన అమ్మమ్మల్లో, నానీల్లో ఎంతమందిని బడికి పంపారో అందరికీ తెలిసిందే. పుట్టుకతో వచ్చిన లాభాన్ని సమాజం చిన్నప్పుడే లాగేసుకుందన్నమాట. ఎలుకల బోనులో ఈ సంగతి కనిపించదు, ఎందుకంటే అక్కడ ఆడపిల్లను బడి మాన్పించే వాళ్లు లేరు.

ఈ విషయంలో హైదరాబాద్‌కు కూడా ఒక పేరుంది. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు తీసి 2013లో ప్రచురించింది. రెండు భాషలు మాట్లాడే వాళ్లకు ఒకే భాష మాట్లాడే వాళ్లకంటే నాలుగున్నరేళ్లు ఆలస్యంగా జబ్బు బయటపడింది. చదువు రాని వాళ్లలో కూడా ఈ తేడా ఉంది. ఆడ, మగ తేడాతో సంబంధం లేకుండా కనిపించింది. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు మాట్లాడే వాళ్లకు ఇది కాస్త తీపి కబురే.

డూబల్ ల్యాబ్ చెప్పిన వాటిలో ఇప్పటికి ఏదీ మందుల షాపులో దొరికేది కాదు. ఎక్స్ క్రోమోజోమ్ పనులన్నీ ఎక్కువగా ఎలుకల్లోనే జరిగాయి. ఇంట్లో పెద్దవాళ్లు ఒకే మాట పదేపదే అడుగుతున్నా, తెలిసిన దారిలో తప్పిపోతున్నా ‘వయసైంది కదా’ అని వదిలేయకుండా న్యూరాలజిస్టుకో, ప్రభుత్వ ఆస్పత్రిలో మానసిక వైద్యుడికో చూపించాలి. థైరాయిడ్, బి12 లోపం లాంటి కారణాల వల్ల వచ్చే మతిమరుపు కూడా ఉంటుంది. అది రక్త పరీక్షలో తెలుస్తుంది, సకాలంలో మందులు వాడితే చాలామందిలో తగ్గుతుంది.